నీడలో కొలిచిన ఎండ
సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల వాతావరణం - స్త్రీల శ్రమ

(సూర్యాపేటలో మహిళా కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల ఉద్యోగులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం 'మారుతున్న వాతావరణం - మన ప్రాంతపు ఉష్ణోగ్రతలు, వర్షపాతం'. ఇది వాతావరణ శాఖ వాళ్ళు మాట్లాడాల్సిన విషయం కదా, మహిళా సంఘాలకు దీనితో ఏం పని అని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది. సారా మీద, కూలి రేట్ల మీద, గృహహింస మీద పనిచేసిన వాళ్ళం. ఎండ అందరికీ ఒకటే, వాన అందరి మీదా ఒకటే కురుస్తుంది అనుకుంటూ వచ్చాం. ఆ 'అందరూ' అన్న మాటనే ఈరోజు కాస్త విప్పి చూద్దామని నా ప్రయత్నం.

ముందు మన ఊళ్ళ సంగతి. 2016 అక్టోబర్‌లో పాత నల్లగొండ జిల్లా విడిపోయాక సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి వచ్చాయి. మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. పటం మీద మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి గానీ నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఎవరి కథ వారిది. మిర్యాలగూడ, కోదాడ సాగర్ ఎడమ కాలువ మీద బతికే ప్రాంతాలు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలిన తర్వాత ఇక్కడి జొన్న చేలు, ఆముదం చేలు క్రమంగా వరి మళ్ళయ్యాయి. మిర్యాలగూడ చుట్టూ బియ్యం మిల్లులు లేచాయి. సూర్యాపేట వైపు సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు నీళ్ళు కొంత, శ్రీరాంసాగర్ రెండో దశ కాలువల నీళ్ళు కొంత. తక్కినదంతా బావులు, బోర్లు, వాన. తుంగతుర్తి వైపు పోతే పత్తి చేలే. కాబట్టి ఒకే వాన ఆలస్యమైతే తుంగతుర్తి స్త్రీకి జరిగేది ఒకటి, నేరేడుచర్ల స్త్రీకి జరిగేది మరొకటి.

ఇక అంకెలు. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ఒక నివేదిక తెచ్చింది. 1901 నుంచి 2018 వరకు దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని అందులో ఉంది. 1901 నుంచి రికార్డులు చూస్తే దేశంలో అత్యంత వేడి సంవత్సరం 2024 అని వాతావరణ శాఖ ప్రకటించింది. ఆ ఏడాది మే మొదటి వారంలో మన నల్లగొండ జిల్లాలో 46 డిగ్రీలు దాటింది. వాన విషయం ఇంత సూటిగా లేదు. ఉమ్మడి నల్లగొండ జిల్లా ఏడాది సగటు సుమారు 750 మిల్లీమీటర్లు. తెలంగాణ లోపలి జిల్లాల్లో ఇది తక్కువ వాన పడే ప్రాంతమే. అయితే వాన తగ్గిపోతోంది అని ఒక్క మాటలో చెప్పేస్తే తప్పు. 2020, 2021, 2022 - మూడేళ్ళూ తెలంగాణలో నైరుతి వానలు సగటు కన్నా బాగా ఎక్కువే పడ్డాయి. మనవాళ్ళు కరపత్రాల్లో 'వానలు లేవు' అని రాస్తే అధికారి ఈ అంకె చూపించి మన నోరు మూయిస్తాడు. వాన మొత్తం కాదు, వాన పడే తీరు మారింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అందుకే పట్టి ఉంచినన్నాళ్ళు పట్టి ఉంచి, వదిలితే ఒక్కసారి వదులుతుంది. మధ్య భారతంలో ఒక్కరోజులో 15 సెంటీమీటర్లకు మించి కురిసే వానలు 1950-2015 మధ్య సుమారు 75 శాతం పెరిగాయని ఆ నివేదికే చెప్తోంది. ఎండు రోజుల విరామాలు కూడా పెరిగాయని అదే చెప్తోంది.

2023 ఒక్క ఏడాదే తీసుకోండి. జూలై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 64 సెంటీమీటర్ల పైన కురిసింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, 1901 తర్వాత దేశమంతటా అత్యంత ఎండిపోయిన ఆగస్టు. ఈ రెండూ కలిపి సగటు తీస్తే కాగితం మీద ఏమీ జరగనట్టే ఉంటుంది.

సమాజశాస్త్రంలో మేం కుటుంబం సగటు ఆదాయం, కుటుంబం సగటు తిండి అని రాసుకుంటూ పోయిన రోజులున్నాయి. ఆ కుటుంబంలో చివర తినే మనిషి ఆ సగటులో కనిపించదని చెప్పడానికి స్త్రీవాదులు చాలా కాలం పోరాడాల్సి వచ్చింది. వాన సగటును చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

ఎండను ఎలా కొలుస్తారో మీకు తెలుసా? వాతావరణ కేంద్రాల్లో ఉష్ణమాపకాన్ని తెల్ల రంగు వేసిన చెక్క పెట్టెలో పెడతారు. నాలుగు వైపులా గాలి ఆడే పలకలు, నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తు, ఎండ సూటిగా తగలకుండా నీడ. దాన్ని స్టీవెన్సన్ పెట్టె అంటారు. 'ట్రెజర్ ఐలాండ్' రాసిన స్టీవెన్సన్ తండ్రి థామస్ స్టీవెన్సన్ తయారు చేసింది. శాస్త్రపరంగా అలా కొలవడం సరైనదే; ఒక ఊరిని ఇంకో ఊరితో, ఒక ఏడాదిని ఇంకో ఏడాదితో పోల్చాలంటే అందరూ ఒకేలా కొలవాలి. కానీ పేపర్లో 44 డిగ్రీలు అని చదివినప్పుడు అది నీడలో, గాలి ఆడే చోట, నిలబడిన మనిషి ఛాతీ ఎత్తున ఉన్న వేడి అని మనం గుర్తుంచుకోవాలి. పత్తి చేనులో వంగి కలుపు తీస్తున్న మనిషి ముఖం నేలకు రెండడుగుల దూరంలో ఉంటుంది. కల్లంలో వడ్లు తిరగబోస్తున్న మనిషికి పైనుంచీ కిందినుంచీ కూడా ఎండే. మిల్లులో ఉప్పుడు బియ్యం ఉడికే చోట ఊడ్చే మనిషికి బయటి వేడికి ఆవిరి తోడు. రేకుల కప్పు కింద కట్టెల పొయ్యి ముందు కూర్చున్న మనిషి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. వీళ్ళెవరి ఎండకూ ఏ పెట్టెలోనూ లెక్క లేదు.

మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటి, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటేనే వడగాలి అని శాఖ ప్రకటిస్తుంది. లేదా సూటిగా 45 తాకాలి. వడగాలి ప్రకటించని రోజు వడదెబ్బ తగలదని కాదు గదా.

ఇంకో సంగతి. నీళ్ళున్న చోట చల్లగా ఉంటుందని మనం అనుకుంటాం. ఆయకట్టు ప్రాంతంలో ఉష్ణమాపకం నిజంగానే ఒకటి రెండు డిగ్రీలు తక్కువ చూపించవచ్చు. కానీ మన ఒంటికి చల్లదనం చెమట ఆరినప్పుడు వస్తుంది. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు. దేశంలో సాగునీరు పైపై వేడిని తగ్గించినా తేమతో కూడిన ఉక్కను పెంచుతోందని 2020లో గాంధీనగర్ ఐఐటీ పరిశోధకులు తేల్చారు. మిర్యాలగూడ చుట్టుపక్కల నాట్లు వేసే స్త్రీలు ఇది ఎప్పటి నుంచో చెప్తున్నారు. చెలకలో ఎండ మాడుస్తుంది, మడిలో ఎండ ఉడకబెడుతుంది అనేది వాళ్ళ తేడా.

రాత్రుల గురించి కూడా ఒక మాట. పగటి ఎండ మీద ఉన్నంత చర్చ రాత్రి వేడి మీద లేదు. వేడి రాత్రులు పెరుగుతున్నాయి. రేకుల ఇల్లు రాత్రి పది దాటినా చల్లారదు. మగవాళ్ళు మంచం వాకిట్లో వేసుకుంటారు. వయసొచ్చిన ఆడపిల్లలు, బాలింతలు, ఇంటికి కొత్తగా వచ్చిన కోడళ్ళు లోపలే పడుకుంటారు. తెల్లవారి నాలుగింటికి లేచి వండి, ఆరింటికి నాటుకు పోయే మనిషికి ఆ నిద్ర లేని రాత్రి ఏ కూలిలో కలుస్తుంది? పంటకు కూడా రాత్రి వేడి చేటే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలాల్లో పాతికేళ్ళ లెక్కలు చూసి, పంటకాలంలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వరి దిగుబడి 10 శాతం దాకా తగ్గుతోందని 2004లో ప్రకటించింది. వరి పూత దశలో పగలు 35 డిగ్రీలు దాటితే గింజ కట్టక తాలు పోతుంది. యాసంగి నాటు ఆలస్యమైతే పూత సరిగ్గా ఆ ఎండలోకి పోయి పడుతుంది.

ఎండ, స్త్రీల ఆరోగ్యం అంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ల పంపిణీ దగ్గర మన ఆలోచన ఆగిపోతోంది. పొలం దగ్గర చాటు లేదు కాబట్టి స్త్రీలు నీళ్ళు తాగడమే తగ్గిస్తారు. మూత్రంలో మంట, జ్వరం, కిడ్నీ సమస్యలు దాని వెనకాలే వస్తాయి. తమిళనాడులో 2017లో మొదలుపెట్టి 800 మంది గర్భిణులపై చేసిన అధ్యయనం 2024లో వచ్చింది. అధిక వేడిలో పనిచేసిన స్త్రీలలో గర్భస్రావం, మృతశిశువు పుట్టే ప్రమాదం రెట్టింపు ఉన్నట్టు అందులో తేలింది. మన దగ్గర ఆ గర్భస్రావానికి కారణం ఏం చెప్తారో మీకు తెలుసు. బరువు ఎత్తిందనో, దిష్టి తగిలిందనో, మనిషిలోనే రక్తం లేదనో. ఎండ పేరు ఎక్కడా రాదు.

చావుల లెక్క ఇంకా అన్యాయం. 2015 వేసవిలో తెలంగాణలో 541 మంది వడదెబ్బతో చనిపోయారని ప్రభుత్వం లెక్క చెప్పింది. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో వడదెబ్బ మృతుల్లో అత్యధికులు మగవాళ్ళే. బయట పనిచేసే మగవాళ్ళు ఎక్కువ ఉండటం కొంత కారణం, అది కాదనను. కానీ ఆ లెక్క ఎలా తయారవుతుందో చూడండి. రోడ్డు మీద, బస్టాండులో, ఉపాధి పని దగ్గర పడిపోయిన మనిషి పోలీసు కాగితంలోకి వస్తాడు. నాటు నుంచి ఇంటికొచ్చి, రాత్రి వాంతులై, తెల్లారి చనిపోయిన యాభై ఏళ్ళ స్త్రీ 'జ్వరం వచ్చి పోయింది' అవుతుంది. పరిహారం రావాలంటే తహసీల్దారు, పోలీసు అధికారి, వైద్యాధికారి ముగ్గురూ వడదెబ్బే అని ఒప్పుకోవాలి. శవాన్ని పరీక్షకు పంపడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, అందులోనూ ఆడమనిషి శవాన్ని. చాలాకాలం ఆపద్బంధు కింద 50 వేలు ఇచ్చేవారు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర స్థాయి విపత్తుగా గుర్తించి పరిహారాన్ని 4 లక్షలకు పెంచింది. ఇది మంచి నిర్ణయం. అయితే డబ్బు పెరిగేకొద్దీ రుజువు కాగితం కూడా బరువెక్కుతుంది. ఆ కాగితం స్త్రీల దాకా ఎలా వస్తుందన్నది మన పని.

వానలోకి వస్తే, 2023-24 యాసంగికి సాగర్ ఎడమ కాలువ కింద సాగుకు నీళ్ళు ఇవ్వలేదు. బోరున్న వాళ్ళు కొంత వేశారు, లేనివాళ్ళు బీడు పెట్టారు. పంట నష్టం గురించి పేపర్లలో చదివాం. నాట్లు లేకపోతే పోయిన కూలి దినాల లెక్క ఎక్కడా చదవలేదు. సరిగ్గా ఆ కాలువే 2024 సెప్టెంబర్ 1న నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర తెగింది. ఆగస్టు 31 రాత్రి నుంచి పడిన వానకు చిలుకూరులో 30 సెంటీమీటర్లకు దగ్గరగా నమోదైంది. అంటే ఏడాది సగటులో మూడో వంతు కన్నా ఎక్కువ ఒక్కరోజులోనే. కోదాడ పట్టణంలో వరదలో కొట్టుకుపోయి ఇద్దరు చనిపోయారు. నాటు పడిన పొలాల్లో ఇసుక మేటలు వేసింది. మేట తీయడానికి యంత్రాలకు లెక్క ఉంటుంది. మునిగిన ఇంట్లో బురద ఎత్తి, తడిసిన బియ్యం ఆరబెట్టి, చెడిన బావి నీళ్ళకు బదులు అర కిలోమీటరు దూరం నుంచి మోసుకొచ్చిన పనికి లెక్క ఉండదు. పోయిన కాగితాల కోసం మండలాఫీసు చుట్టూ తిరిగిన రోజులకూ ఉండదు.

కూలి గురించి కొంచెం వివరంగా మాట్లాడాలి, ఎందుకంటే ఇదే మన సంఘాలకు అసలు పట్టు. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో ప్రవేశిస్తుంది. మృగశిర నుంచి కార్తెల వారీగా పనులు పరుచుకుని ఉండేవి. ఒక ఊళ్ళో ముందు, ఇంకో ఊళ్ళో తర్వాత. నాట్ల ముఠా ఊరూరూ తిరిగి నెలా నెలన్నర పని చూసుకునేది. ఇప్పుడు వాన ఆగి ఆగి, కాలువ ఆలస్యంగా వదిలాక, అందరు రైతులకూ అదే వారంలో నాటు పడాలి. గుత్త రేటు ఎకరానికి కాస్త పెరుగుతుంది. స్త్రీలు పొద్దున చీకట్లో పోయి రాత్రి చీకట్లో వస్తారు. పదిహేను రోజుల్లో అయిపోతుంది. ముదిరిన నారు పీకడం కష్టం, నాటడం కష్టం, అయినా గుత్త ఎకరం లెక్కే. ఒక్కసారిగా మనుషులు దొరకక రైతులు బీహారు, బెంగాలు నుంచి వచ్చిన మగ ముఠాలను పిలుస్తున్నారు. ఇంకొందరు నారు లేకుండా విత్తనం వెదజల్లుతున్నారు. నాటు వేయడం ఆడవాళ్ళ పని, మగవాళ్ళకు నడుం వంగదు అని ఎన్ని తరాలు చెప్పారో! కూలీ దొరకని ఏడాది వచ్చేసరికి ఆ నడుములు వంగుతున్నాయి. వలస వచ్చిన ఆ పిల్లల మీద నాకు కోపం లేదు, వాళ్ళూ వాళ్ళ ఊళ్ళల్లో ఇలాంటి కారణాలతోనే బయల్దేరి ఉంటారు. కానీ ఇక్కడి దళిత, బీసీ స్త్రీలు ఏడాదంతా నమ్ముకున్న కూలి దినాలు తగ్గాయన్నది మనం చెప్పకపోతే వ్యవసాయ శాఖ చెప్పదు.

ఇప్పుడు కొనుగోలు కేంద్రాలు. వీటిలో చాలావాటిని మహిళా సంఘాలు నడుపుతున్నాయి, మీలో చాలామందికి అనుభవం ఉంది. వడ్లలో తేమ 17 శాతం దాటకూడదు. 2023 ఏప్రిల్ చివర, మే మొదట్లో అకాల వానలు పడి రాశులు తడిసినప్పుడు ఏమైంది? మిల్లరు తరుగు తీశాడు, లారీ రాలేదు, పట్టాలు చాలలేదు. రైతుల కోపం మాత్రం కేంద్రం దగ్గర కుర్చీలో కూర్చున్న సంఘం స్త్రీ మీద పడింది. 2025 అక్టోబర్ చివర మొంథా తుపాను వానలకు కూడా వరి, పత్తి రెండూ తడిశాయి. పత్తికి 8 నుంచి 12 శాతం లోపు తేమ ఉండాలని సీసీఐ నిబంధన. తడిసిన పత్తిని ఇంట్లో పరిచి ఆరబెట్టేది ఎవరో చెప్పక్కర్లేదు. మొత్తం ఇల్లంతా పత్తి పరిచి, పిల్లల్ని వంటింట్లో పడుకోబెట్టుకున్న ఇళ్ళు ఈ ప్రాంతంలో ఎన్నో. వాతావరణంలో అనిశ్చితి పెరిగేకొద్దీ ఈ కేంద్రాల్లో నష్టభయం మహిళా సంఘాల మీదికి నెట్టబడుతోంది. దీన్ని సాధికారత అని పిలవడం నాకు మింగుడు పడటం లేదు.

వీటన్నిటికీ మూలం భూమి ఎవరి పేరున ఉందన్న దగ్గరికే వస్తుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో స్త్రీలవి సుమారు 14 శాతం. 2018లో మొదలైన రైతుబంధు పట్టా చూసి ఇచ్చారు. రైతు భరోసాగా పేరు మారాక కూడా ఆధారం పట్టాయే. కౌలుకు చేసే ఒంటరి స్త్రీకి, భర్త ఆత్మహత్య చేసుకున్నాక మామ పేరు మీది భూమి దున్నుకుంటున్న స్త్రీకి అందులో చోటెక్కడ? కాలువ చివరి భూముల్లో నీళ్ళందక పంట పోయిన స్త్రీ నీటి సంఘంలో నోరెత్తాలన్నా ముందు పట్టాయే అడుగుతారు.

పరిష్కారాల పేరుతో వచ్చేవాటిని కూడా జాగ్రత్తగా చూడాలి. నీళ్ళు నిలిచిన వరి మడి మీథేన్ వదులుతుంది, అది భూమిని వేడెక్కిస్తుంది, కాబట్టి ఆరుతడి చేయండి అంటున్నారు. నీళ్ళు ఆదా అవుతాయి, నిజమే. నీళ్ళు తీసేస్తే కలుపు పెరుగుతుంది, అదీ నిజమే. ఆ కలుపు ఎవరు తీస్తారు, ఏ రేటుకు? లేదంటే కలుపు మందు కొడతారు, ఉన్న కలుపు కూలి కూడా పోతుంది. శ్రీ వరి సాగు ప్రచారం చేసిన రోజుల్లో తోసే కలుపు యంత్రం ఇచ్చారు. బురదలో దాన్ని తోయడానికి ఎంత బలం కావాలో ఒక పూట తోసిన స్త్రీలను అడిగితే చెప్తారు. ఇక్కడే దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టారు. బొగ్గు మండించే కేంద్రం. దాని పొగను పక్కనబెట్టి, ఎకరం మడి కౌలుకు చేసుకునే స్త్రీ వదిలే మీథేన్ గురించి ఉపన్యాసం ఇవ్వడం నాకు సిగ్గుగా ఉంటుంది. ఆరుతడి వద్దని కాదు. కలుపు కూలికి లెక్క కట్టి, స్త్రీలతో మాట్లాడి చేయమంటున్నాను.

2005 ఉపాధి హామీ చట్టంలో పని దగ్గర నీడ, తాగునీళ్ళు, ప్రథమ చికిత్స, చిన్న పిల్లల్ని చూసే మనిషి ఉండాలని రాసుకున్నాం. నీడ అన్నది చట్టంలోకి ఎక్కిన హక్కు అది. అమలు ఎలా ఉండేదో మీకు తెలుసు. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో మరో చట్టం చేసింది. కొత్త పనుల దగ్గర నీడ మాట మళ్ళీ మనమే ఎత్తాలి. అక్కడితో ఆగకుండా ప్రైవేటు రైతు పొలానికీ, మిల్లు యార్డుకూ, కొనుగోలు కేంద్రానికీ అడగాలి. వేసవిలో పదకొండు నుంచి నాలుగు దాకా పని ఆపితే ఆ గంటల కూలి కోత పడకూడదని కూడా అడగాలి. ఎండకు ఇంటికి పొమ్మని, కూలి సగం ఇచ్చే పద్ధతికి 'ఎండ జాగ్రత్తలు' అని పేరు పెట్టనివ్వకూడదు.

చివరగా ఒక పని ప్రతిపాదిస్తున్నాను. 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, ఈ జిల్లా స్త్రీల జ్ఞాపకాలు కూడా చరిత్రకు ఆధారాలేనని నిరూపించింది. వాతావరణానికి కూడా అలాంటి పని కావాలి. జ్ఞాపకం ఒక్కటే చాలదు, దాని పక్కన కాగితం పెట్టాలి. 2010 మేలో అహ్మదాబాద్‌లో ఎండలు ముదిరినప్పుడు పరిశోధకులు వడదెబ్బ అని రాసినవాటినే లెక్కపెట్టలేదు. ఆ నెల మొత్తం చావులను మిగతా ఏళ్ళ మే నెలలతో పోల్చారు. 1,344 చావులు ఎక్కువ తేలాయి. మన దగ్గర అంత పెద్ద నగరం లేదు. కానీ ప్రతి గ్రామ పంచాయతీలో జనన మరణాల రిజిస్టరు ఉంది. రాష్ట్ర ప్రణాళికా అభివృద్ధి సంస్థకు తెలంగాణ అంతటా వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలున్నాయి. రోజువారీ ఉష్ణోగ్రత, వాన మండలం వారీగా దొరుకుతాయి.

ఒక్కొక్కరు రెండు పంచాయతీలు తీసుకోండి. 2014 నుంచి ఏప్రిల్, మే, జూన్ నెలల మరణాలు స్త్రీ పురుషులవి వేరుగా, వయసుతో సహా రాసుకోండి. రిజిస్టరు ఇవ్వనంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, నమూనా ఇక్కడ బల్ల మీద ఉంది. ఆ ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఆ మనిషి చనిపోవడానికి ముందు రోజు ఏ పనికి పోయింది, ఎన్ని గంటలకు ఇల్లు చేరింది, ఆ రాత్రి ఎక్కడ పడుకుంది అని అడగండి. అదే నోటు పుస్తకంలో రెండో భాగంగా మీ ఊరి నాట్లు ఏ తేదీన మొదలై ఏ తేదీన అయిపోయాయి, ఎంతమంది స్త్రీలకు ఎన్ని రోజుల పని దొరికింది, గుత్త ఎంత అన్నది రాయండి. వానాకాలం నాట్లు మొదలయ్యే లోపు మొదటి భాగం, నాట్లు అయిపోయాక రెండోది. మిర్యాలగూడ నుంచి వచ్చినవాళ్ళు మిల్లుల్లో పనిచేసే స్త్రీలకు వేరే కాగితం తీసుకోండి. దాని ప్రశ్నలు వేరు, పని గంటలు వేరు. పుస్తకాలు గుమ్మం దగ్గర పెట్టారు, మండలం పేరు రాసి తీసుకెళ్ళండి.